పది తక్కువ రెండు

స్టీలు టౌన్‌షిప్పు సెక్టర్ 7లో దెబోరా ఇంటి గోడ గడియారం ఏళ్ళ తరబడి పది నిమిషాలు ముందు నడిచింది. అది ఆమె భర్త కొర్నేలి పెట్టిన అలవాటు. స్టీలు ప్లాంటులో షిఫ్టుకి ఆలస్యంగా వెళ్ళి గేటు దగ్గర తలొంచుకు నిలబడడమంటే ఆయనకి మహా చిన్నతనం. అందుకని ఇంట్లో ఉన్న ప్రతి గడియారానికీ, ప్రతి చేతి వాచీకీ పది నిమిషాలు అప్పనంగా కలిపి పెట్టేవాడు. శ్రీకాకుళం నుంచి ఆయన తెచ్చుకున్నవి ఒక రేకు పెట్టె, ఈ అలవాటు, అంతేనని దెబోరా నవ్వేది. వీధిలోవాళ్ళూ ఊరుకునేవారు కాదు. దెబోరమ్మ ఇంటికి క్రిస్మస్ కూడా పది నిమిషాలు ముందే వస్తుందనేవారు.

కొర్నేలి కామెర్లతో పోయాడు. ఆయన బదులు దెబోరాకి టౌన్‌షిప్పు బడిలో ఆయా పని ఇచ్చారు. క్వార్టరు మిగిలింది, ఇద్దరు కొడుకులు మిగిలారు, ఆ పది నిమిషాలూ మిగిలాయి. పెద్దవాడు ఎబెన్‌కీ, చిన్నవాడు కెల్విన్‌కీ ఎక్కాల కన్నా ముందే ఆ తీసివేత వచ్చేసింది. ముల్లు వంక చూడడం, పది తీసెయ్యడం, వాళ్ళకి రెండూ ఒకటే పని. చూశామనీ తెలియదు, తీసేశామనీ తెలియదు.

ఎబెన్ పవర్ హౌస్ బజారు దాటాక ఉన్న ఒక ప్రైవేటు ఇనుప ఫ్యాక్టరీలో చేరాడు. తమ్ముడు కంప్యూటర్లు చదువుకుంటే, ఆఫీసులో వాళ్ళ కాళ్ళా వేళ్ళా పడి అక్కడే పని వేయించాడు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడిన కొత్త, ఎక్కడ చూసినా కొత్త బట్టీలు లేస్తున్న రోజులు. ఆ ఫ్యాక్టరీ యజమానికి ఎవరో బుర్రలో పురుగు దూర్చారు. పది కంప్యూటర్లు అక్కర్లేదు, రెండు పెద్దవి కొంటే చాలు, వాటిలోపల ఎన్ని కంప్యూటర్లు కావాలంటే అన్ని ఉత్తుత్తివి సృష్టించుకోవచ్చని. లోపలుండే వాటిని గెస్ట్‌లు అంటారు. చోటిచ్చే పెద్దదాన్ని హోస్ట్ అంటారు. గెస్ట్ పని చేస్తూ ఉండగానే, ఆపకుండా, ఒక హోస్ట్ నుంచి ఇంకో హోస్ట్‌కి మార్చడం కెల్విన్ పని.

ఒక రాత్రి భోజనాల దగ్గర అదంతా తల్లికి చెప్పాడు. దెబోరా శ్రద్ధగా విని, చారు పోస్తూ అంది.

"అంటే ఇంటికొచ్చిన చుట్టాన్ని నిద్దర లెగకుండా, మంచంతో సహా, పక్కింటికి మోసీడమన్నమాట."

"సరిగ్గా అంతే అమ్మా."

"మరి లెగిసేక టైమెంతయ్యిందో ఆ చుట్టానికెలాగ తెలుస్తాది?"

"ఏ ఇంట్లో లేస్తే ఆ ఇంటి గడియారం చూసుకుంటుంది. అందుకే రెండిళ్ళ గడియారాలూ ఒక్కటిగా ఉండాలి. లేకపోతే పాపం దానికి తేడా తెలీదు. తప్పు టైమే నిజం అనుకుని బతికేస్తుంది."

"అయితే చుట్టాన్ని మనింటికి మాత్రం తేకురా," అన్నాడు ఎబెన్. ముగ్గురూ నవ్వారు. నవ్వుతూనే ఎబెన్, తను చిన్నప్పట్నుంచీ ఛోటే అని పిలిచే తమ్ముడి మణికట్టు పట్టుకుని చూశాడు. "కంప్యూటర్లోడి చేతికి దొంగ టైం వాచీ ఏట్రా ఛోటే. అదీ ఆగిపోయున్నాది. ఇలాగ తే, బ్యాటరీ వేయిస్తాను."

కెల్విన్ వాచీ విప్పి ఇచ్చాడు. అది కిందటేడు, ఈస్టరు ముందు శ్రమల దినాల్లో మాట.

రెండు రోజుల తర్వాత, గుడ్ ఫ్రైడే నాడు, కెల్విన్ లేచేసరికి వాచీ తలగడ పక్కన టిక్ టిక్ అంటోంది. ఎబెన్ అప్పటికే డ్యూటీకి వెళ్ళిపోయాడు. దెబోరా తెల్లచీర కట్టుకుని చర్చికి తయారవుతోంది. కెల్విన్ వాచీ పెట్టుకుని, గోడ గడియారం వైపు చూడకుండానే పరుగెత్తాడు.

ఆ రోజు ఫ్యాక్టరీలో రెండో హోస్ట్‌ని కొత్తగా నిలబెట్టారు. దాని గడియారానికి ఇంకా దిక్కూ దివాణం లేదు, చేత్తో పెట్టాలి. పక్కనున్న మొదటి హోస్ట్ తెర చూసి పెడితే సరిపోయేది. మెడ కాస్త తిప్పితే చాలు. కెల్విన్ తిప్పలేదు. చేతి వాచీ చూశాడు. పది తీసేశాడు. పెట్టేశాడు. తర్వాత హాజరు రాసే గెస్ట్‌ని ఆ కొత్త హోస్ట్‌కి మార్చి, ఎక్కడా ఆగకుండా మారిందని మురిసిపోయాడు.

ఆ గెస్ట్ ఒక్క హాజరే రాయదు. బట్టీ వెనక పొగలోని మసి పేరుకునే పెద్ద గది ఒకటుంది, డస్ట్ ఛాంబర్ అంటారు. వారానికోసారి ఒంటిగంటకి అందులోకి గ్యాస్ ఆపుతారు. ఎబెన్, ఇద్దరు కుర్రాళ్ళు దిగి ఊడుస్తారు. పది తక్కువ రెండుకి సైరన్ మోగుతుంది, పైకి వచ్చెయ్యాలి. సరిగ్గా రెండింటికి గ్యాస్ మళ్ళీ వదులుతారు. గ్యాస్ వదిలేది బట్టీ దగ్గరి వాళ్ళు, వాళ్ళ గడియారం వేరు. సైరన్ మోగించేదీ, ఛాంబర్ గుమ్మం మీద ఎర్ర అంకెల బోర్డు నడిపేదీ కెల్విన్ గెస్ట్.

ఎబెన్ చేసిందల్లా ఒక మంచి పని. బ్యాటరీ వేయించి, వాచీకి సరైన టైం పెట్టాడు. కెల్విన్ ఆ సరైన టైంలోంచి పది తీసేశాడు.

సైరన్ మోగింది. బోర్డు మీద పది తక్కువ రెండు. బయట ప్రపంచంలో అప్పటికి రెండు. కుర్రాళ్ళు గుమ్మం దగ్గరున్నారు కాబట్టి దగ్గుతూ బయటపడ్డారు. ఎబెన్ వాళ్ళని ముందు పంపి, చివరి మూల ఊడుస్తూ లోపలే ఉండిపోయాడు.

ఆసుపత్రి వరండాలో సాయంత్రం కెల్విన్ తల పైకెత్తాడు. గోడ మీద గడియారం. చేతికి వాచీ. రెండింటిలోనూ ఒక్కటే టైం. పది నిమిషాల తేడా లేదు. అప్పుడు తెలిసింది వాడికి ఏం చేశాడో. ఆ చల్లటి గచ్చు మీద కూలబడిపోయాడు. అందరూ అన్నయ్య కోసం అనుకున్నారు.

కాగితాల మీద సంతకాలయ్యాక, ఎవరికీ చెప్పకుండా ఫ్యాక్టరీకి వెళ్ళి హోస్ట్ గడియారం సరిచేశాడు. గెస్ట్ రికార్డులో ఆరున్నరకి ముందు పది నిమిషాలు లేకుండా పోయాయి. ఆరూ ఇరవై తర్వాత ఒకేసారి ఆరున్నర. ఎవరూ చూడలేదు. విచారణ జరిగినప్పుడు ఆ ఇద్దరు కుర్రాళ్ళూ సైరనూ గ్యాసూ ఒక్కసారే వచ్చాయి సాబ్ అని మొత్తుకున్నారు. యంత్రం రికార్డులో మాత్రం సైరన్ పది తక్కువ రెండుకే మోగినట్టుంది. మనుషుల నోటికన్నా యంత్రం రాతకి విలువెక్కువ కదా. పది నిమిషాలు వ్యవధి ఉన్నా ఎబెన్ నిర్లక్ష్యంగా లోపల ఉండిపోయాడని రాసేశారు.

దెబోరా ఆ కాగితాన్ని పక్కింటివాళ్ళ చేత చదివించుకుంది. ఇంటికొచ్చి స్టూలు ఎక్కి, గోడ గడియారాన్ని పది నిమిషాలు వెనక్కి తిప్పింది.

"నేనే చంపుకున్నాను వాడిని," అంది. "ఎప్పుడూ ఇంకో పది నిమిషాలు ఉన్నాదని చిన్నప్పట్నుంచీ నేనే నేర్పేను. అక్కడా అలాగే అనుకున్నాడు నా తండ్రి."

కెల్విన్ పక్కనే నిలబడి ఉన్నాడు. ఆ క్షణం నోరు విప్పవలసింది. విప్పలేదు. మర్నాడు విప్పుదామనుకున్నాడు. ఉన్న ఒక్క కొడుకు మొహం కూడా అమ్మ చూడనంటే ఏమవుతానని భయం. వారం గడిచింది, నెల గడిచింది. దెబోరా రోజూ బడి నుంచి వచ్చి ఆ గడియారం కింద కూర్చునేది. కెల్విన్ ఆమె ఎదుటే అన్నం తిని, చెయ్యి కడుక్కుని లేచి వెళ్ళిపోయేవాడు. నోట్లో ముద్ద మట్టిలా ఉండేది. అయినా తినేవాడు.

అలా ఏడాది తిరిగి మళ్ళీ గుడ్ ఫ్రైడే వచ్చింది.

మొదటి హోస్ట్ ఫ్యాను అరిగిపోయి అరుస్తోంది. ఆఫీసుకి సెలవు కాబట్టి ఆ మధ్యాహ్నమే గెస్ట్‌లన్నింటినీ రెండోదానికి మార్చెయ్యమని సెక్షన్ పెద్ద వెంకటరత్నం పురమాయించాడు. కెల్విన్ కాదనలేదు. చర్చిలో అమ్మ పక్కన మూడు గంటలు కూర్చోవడం కన్నా అదే నయమనిపించింది.

సర్వర్ రూంకి కిటికీలుండవు. అక్కడ పగలు లేదు, రాత్రి లేదు. ట్యూబ్ లైటు, ఏసీ చలి, ఆగకుండా ఫ్యాన్ల రొద. తలుపు మూస్తే బట్టీ హోరు కూడా వినిపించదు. కొత్త వైర్ల ప్లాస్టిక్ వాసన తప్ప ఇంకో వాసన ఉండదు. కెల్విన్ చేతికి అదే వాచీ ఉంది. ఏడాదిగా ఒక్క పూటా విప్పలేదు.

రెండు హోస్ట్‌ల గడియారాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. సెకనుకి సెకను కలిశాయి. ఏడాదిగా రెండూ బయటి గడియారాన్నే అడిగి నడుస్తున్నాయి, చేత్తో పెట్టే పని లేదు. అయినా మూడుసార్లు చూశాడు. చేతి వాచీ చూశాడు. ఏమీ తీసెయ్యలేదు.

ఒకటీ నలభై అయిదుకి హాజరు గెస్ట్‌ని కదిలించాడు.

దాని జ్ఞాపకాలు ఒక్కొక్కటే ఇటునుంచి అటు చేరుతున్నాయి. తెర మీద అంకె పెరుగుతోంది. ముప్ఫై. డెబ్బై. తొంభై. అన్నీ చేరాక చివర్లో ఒక్క క్షణం గెస్ట్ ఆగిపోతుంది. మళ్ళీ అక్కడ లేస్తుంది. ఆగినట్టు దానికి తెలియదు. కెల్విన్‌కి ఆ క్షణం ఎప్పుడొచ్చినా అన్నయ్య గుర్తొస్తాడు. ఆగిన సంగతి వాడికైనా తెలిసిందో లేదో అనుకుంటాడు.

తొంభై తొమ్మిది.

అంకె అక్కడే ఉండిపోయింది.

కెల్విన్ కాసేపు చూశాడు. ఇలా జరగడం ఉన్నదే. నిమిషం ఆగాడు. ఇంకో నిమిషం. అయిదు నిమిషాలు... పది... అంకె కదలలేదు. అప్పుడు అరుస్తున్న ఫ్యాను అరవడం మానేసింది. దాని పక్కది కూడా. ఒక్కొక్కటే... అన్నీ. దీపాలు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి. ఆ గదిలో అంత నిశ్శబ్దాన్ని వాడు ఎప్పుడూ వినలేదు. సొంత చెవుల్లో రక్తం కొట్టుకోవడం వినిపించింది.

వాసన వచ్చింది. మొదట కాలిన బొగ్గు. తర్వాత గొంతులో గుచ్చుకునే ఘాటు. ఆ ఘాటు కింద, పల్చగా, ఎర్ర లైఫ్‌బాయ్ సబ్బు. ఎబెన్ పొద్దున్నే దాంతో స్నానం చేసి డ్యూటీకి వెళ్ళేవాడు.

ఎక్కడో చాలా దూరంగా... సైరన్.

ఆ సైరన్ తీసేసి ఏడాదయ్యింది. ఛాంబర్‌లోకి మనుషుల్ని దింపడం మానేశారు. తలుపుకి ఇనుప పలక పెట్టి వెల్డింగ్ చేసేశారు.

కెల్విన్ తెర వైపు చూశాడు. రెండు హోస్ట్‌ల గడియారాల్లోనూ రెండు గంటలు. చేతి వాచీలో రెండు గంటలు. గెస్ట్ గడియారంలో పది తక్కువ రెండు.

దాని కింద హాజరు జాబితాలో కొత్త వరస పడింది. కార్డు నంబరు 417. డస్ట్ ఛాంబర్. లోపల.

417 ఎబెన్ కార్డు. వాడితోపాటే శవపెట్టెలో పెట్టేశారు. దెబోరాయే చొక్కా జేబులో పెట్టింది.

బల్ల మీద ఫోను మోగింది. ఏ గది నుంచి వస్తోందో ఫోను మీద అంకె కనిపిస్తుంది. నలభై ఒకటి. ఛాంబర్ గుమ్మంలో ఉండే ఫోను అది. పలక వెల్డింగ్ చేసిన రోజే దాని తీగ కత్తిరించారు. కత్తిరించేటప్పుడు కెల్విన్ అక్కడే ఉన్నాడు.

మోగుతూనే ఉంది... కెల్విన్ చెయ్యి దానంతటదే వెళ్ళింది.

"ఛోటే..."

గుసగుస. నోటికి గుడ్డ కట్టుకుని మాట్లాడుతున్నట్టు.

"టైమెంతయ్యిందిరా?"

కెల్విన్ చేతి వాచీ చూశాడు.

"బోర్డు మీద పది తక్కువ రెండున్నాది. సైరన్ ఇప్పుడే అయ్యింది. కుర్రాళ్ళని ముందు పంపీసేను. ఈ మూల ఒక్కటీ ఉండిపోనాది... ఊడ్చీసి వచ్చీనా?"

"వచ్చెయ్ భయ్యా," అన్నాడు కెల్విన్. "బయటికి వచ్చెయ్. ఇప్పుడే."

"ఎందుకురా కంగారు? ఇంకా పది నిమిషాలున్నాది."

దగ్గు. చిన్న దగ్గు. కెల్విన్ తెర చూశాడు. గెస్ట్ గడియారంలో నిమిషం మారింది. తొమ్మిది తక్కువ.

"భయ్యా, చెప్పిన మాట విను..."

"మన ఇంటి గడియారం నేనెప్పుడూ నమ్మలేదురా. పనిలో బోర్డునే నమ్మేను. అది నువ్వు పెట్టిన బోర్డు." మళ్ళీ దగ్గు... ఈసారి చాలాసేపు. "తప్పంటావేటి?"

ఎనిమిది తక్కువ.

ఒక్క మాట చెబితే చాలు. ఏడాదిగా గొంతులో అడ్డుపడి ఉన్న మాట. చచ్చిపోయినవాడి ముందు కూడా అది బయటికి రావడం లేదు. కెల్విన్‌కి తన మీద తనకే అసహ్యం వేసింది. దగ్గు వినిపిస్తోంది... గోళ్ళతో ఇనుము గీకుతున్న చప్పుడు... ఏడు తక్కువ...

"బోర్డు తప్పు భయ్యా!" వాడు ఏడ్చేశాడు. "రెండయిపోయింది. ఎప్పుడో అయిపోయింది. గల్తీ నాది. వాచీ చూసి పది తీసేశాను. నువ్వు సరైన టైం పెట్టావని నాకు తెలీదు. నేనే... నేనే నిన్ను..."

గీకుడు ఆగింది. దగ్గు ఆగింది.

మళ్ళీ గుసగుస వచ్చింది. కోపం లేదు అందులో. కోపం ఉన్నా బాగుండేది.

"చెప్పేనురా. సరిగ్గా పెట్టేను చూసుకో అని నీ చెవిలో చెప్పే ఎళ్ళేను. నువ్వు నిద్దట్లో ఊఁ అన్నావు."

కెల్విన్ బల్ల అంచు పట్టుకున్నాడు.

"అమ్మకి తెలుసా?"

"లేదు."

"ఏటనుకుంటన్నాది?"

"ఇంట్లో గడియారం వల్లే నువ్వు అలా... తన తప్పే అనుకుంటోంది. దాన్ని సరిచేసేసింది."

ఊపిరి తప్ప ఏమీ వినిపించలేదు. ఆ ఊపిరి కూడా వెలుపలికి వస్తున్నది కాదు, లోపలికే... లోపలికే పోతున్నట్టుంది.

"అది నాన్న టైంరా," అన్నాడు ఎబెన్. "ఛోటే... నాకో పది నిమిషాలు కావాలి. ఒక్కసారి ఇంటికెళ్ళొస్తాను."

"నావి తీసుకో భయ్యా."

ఎందుకన్నాడో తెలియదు. ఏం అడుగుతున్నాడో, ఏం ఇస్తున్నాడో ఆలోచించలేదు. అన్నయ్య అడిగాడు, ఇచ్చాడు.

ఫోను చచ్చిపోయింది. ఫ్యాన్లన్నీ ఒక్కసారి లేచాయి. తెర మీద నూరు పడింది. మూడు గడియారాల్లోనూ ఒక్కటే టైం, రెండూ పది. కెల్విన్ ఫోను చెవికి పెట్టుకునే ఉండగా ఇంకో గీత పడింది. కార్డు నంబరు 417. మెయిన్ గేటు. బయటికి.

ఫోను కింద పెట్టగానే గేటు నుంచి కాపలా త్రినాథరావు ఫోను చేశాడు. ముసలాయన, ఊరికే బెదిరే మనిషి కాదు.

"బాబూ, కార్డు మిషను కూతేసింది. చూస్తే ఎవల్లేరు."

"మీరేం చేశారు?"

"తలుపు తియ్యి మావా అని ఎవరో అన్నట్టయ్యింది." త్రినాథరావు గొంతు తగ్గించాడు. "తీసీసేను."

మిగిలిన పని కెల్విన్ ఎలా పూర్తి చేశాడో వాడికే గుర్తులేదు. మూడు దాటాక స్కూటరు తీశాడు. పవర్ హౌస్ దగ్గర ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆటోవాళ్ళు సవారీల కోసం అరుస్తున్నారు, సంతలో పుచ్చకాయలు కోస్తున్నారు. లోకమంతా మామూలుగానే ఉంది. ఈవేళ చెప్పేస్తాను, గుమ్మంలోనే చెప్పేస్తాను, కూర్చుంటే చెప్పలేను అని దారి పొడుగునా గొణుక్కుంటూ వచ్చాడు.

దెబోరా చర్చి నుంచి వచ్చేసింది. తెల్లచీర ఇంకా మార్చలేదు. ముందు గదిలో, గడియారం కింద, ఎప్పటి చోటులోనే కూర్చుంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. కెల్విన్‌ని గుమ్మంలో చూసి తెల్లబోయింది.

"అదేటిరా, నువ్వు ఇటునుంచి..."

కెల్విన్ వినిపించుకోలేదు. ఆమె కాళ్ళ దగ్గర కూలబడి చెప్పేశాడు. వాచీ, పది తీసెయ్యడం, బోర్డు, ఆసుపత్రి గడియారం, సాయంత్రం వెళ్ళి సరిచేయడం. ఒక్కటీ దాచలేదు. తలెత్తకుండా నేల వైపు చూస్తూ చెప్పాడు.

దెబోరా గడియారం వంక తలెత్తి చూసింది.

"అయితే నా బిడ్డ టైం చూసుకునే ఉన్నాడు," అంది.

"అవునమ్మా."

"ఏడాది. ఏడాది ఈ గడియారం కింద కూకుని ఏడిసేను. నువ్వు చూసేవు. చూస్తూ అన్నం తిన్నావు."

కెల్విన్ ఆమె పాదాలు పట్టుకున్నాడు. ఆమె వెనక్కి లాక్కుంది. ఆ లాక్కోవడమే వాడు ఏడాదిగా భయపడ్డది. వచ్చేసింది. అయినా గుండెల్లో ఎక్కడో ఒక బరువు దిగిపోయింది. ఆమెకీ దిగిందేమో, కొంగు నోటికడ్డం పెట్టుకుని, ఏడాదిలో మొదటిసారి గట్టిగా ఏడ్చింది.

ఏడుపు తగ్గాక కళ్ళు తుడుచుకుని అంది.

"ఇందాకా వచ్చినప్పుడు ఈ మాట చెప్పడానికి నోరు రాలేదేటి?"

"ఇందాకా ఎప్పుడు?"

"ఇప్పుడే కదరా. పది నిమిషాలు కూడా అవలేదు. వచ్చేవు. మాటాడలేదు. ఎండలోంచి వచ్చేవు కదా, గుమ్మంలో నల్లగా ఉన్నావు, నాకు కళ్ళు ఆనలేదు. కుండలో నీళ్ళు రెండు గ్లాసులు తాగీసేవు. స్టూలెక్కి గడియారం తిప్పేవు. మీ నాన్న టైం ఎందుకు మార్చేవమ్మా అన్నట్టు నా తల నిమిరేవు. స్నానానికని పెరట్లోకెళ్ళేవు." ఆమె పెరటి వైపు చూసింది. "మరి ఇటునుంచి ఎప్పుడొచ్చేవు?"

కెల్విన్ తలెత్తాడు. గోడ గడియారంలో నాలుగయ్యింది. దాని తెల్లటి అంచు మీద బొటనవేలి ముద్ర, మసి. కుండ పక్కన బోర్లించిన గ్లాసు మీద అయిదు వేళ్ళ ముద్రలు. దెబోరా నెరిసిన పాపిట్లో కూడా నల్లటి చార.

పెరట్లో స్నానాల గది తలుపు మూసి ఉంది. లోపల ఎవరో మగ్గుతో నీళ్ళు పోసుకుంటున్నారు. నీళ్ళు తూము దగ్గర నల్లగా పారుతున్నాయి. ఎర్ర సబ్బు వాసన.

దెబోరా కూడా విన్నది. లేచి నిలబడింది. ఆమె మొహంలో కెల్విన్ ఊహించిన భయం లేదు. దండెం మీద తువ్వాలు తీసి చేత్తో పట్టుకుంది.

లోపల మగ్గు ఆగింది.

"ఛోటే... టైమెంతయ్యిందిరా?"

గోడ గడియారంలో నాలుగు. నాన్న పది తీసేస్తే, పది తక్కువ నాలుగు. అదే సరైన టైం. కెల్విన్ చేతి వాచీ చూసుకున్నాడు. దాంట్లో ఇంకా ఇరవై తక్కువ నాలుగే ఉంది. మధ్యాహ్నం సెకనుకి సెకను కలిసిన వాచీ అది, ఇప్పుడు తను ఇచ్చిన పది నిమిషాలు వెనకబడింది. ఇచ్చిన పది నిమిషాలూ అయిపోయాయని వాడికి అర్థమయ్యింది. నిజం చెప్పాలి. ఒక్క అబద్ధపు టైం వల్ల ఏం జరిగిందో ఈ భూమ్మీద వాడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

దెబోరా తువ్వాలు గుండెలకి అదుముకుని వాడి వైపు చూసింది. వద్దు అన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"ఇరవై తక్కువ నాలుగు భయ్యా," అన్నాడు కెల్విన్. "ఇంకా పది నిమిషాలుంది."

లోపల నీళ్ళ చప్పుడు మళ్ళీ మొదలయ్యింది. దెబోరా తువ్వాలు పట్టుకుని తలుపు వైపు నడిచింది. కెల్విన్ ఇంకా వాచీ వైపే చూస్తున్నాడు. సెకన్ల ముల్లు కదలడం లేదు.